ఒకటో నంబరు ఇల్లు

ఆ రూలు రాసింది నేనే. ప్రెసిడెంట్ జాన్ బాబు గారు కాదు, సెక్రెటరీ జీవన్ కుమార్ కాదు, నేను. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు కాస్త బరువు తగ్గుతుంది.

2020 డిసెంబరు నుంచి మరుసటి ఈస్టర్ దాకా నేను ఆడమ్స్‌టౌన్‌లో జయకుమార్ అంకుల్ వాళ్లింట్లో, మెట్ల పక్కనున్న చిన్న గదిలో అద్దెకున్నాను. చదివేది చరిత్రలో ఎమ్మే. గుంటూరు పిల్ల ఐర్లండ్ వచ్చి డేటా ఎనలిటిక్స్ చదవకుండా చరిత్ర చదవడమేమిటని అడగనివాళ్లు లేరు, మా నాన్నతో సహా. కరోనాకి యూనివర్సిటీ మూశారు, లైబ్రరీ మూశారు. ల్యాప్‌టాప్‌లో దొరికే పాత కాగితాలతోనే థీసిస్ రాసుకోమన్నారు మా ప్రొఫెసర్. నేను పట్టుకున్నది 1804లో అమెరికా అధ్యక్ష ఎన్నిక, అందులోనూ ఒక్క న్యూజెర్సీ రాష్ట్రం.

"న్యూజెర్సీయా? అప్పుడు కూడా అక్కడంతా మనోళ్లేనా?" అన్నారు అంకుల్, విన్న మొదటిరోజే. ఆ పూట నుంచి నా పేరు ఉజ్వల కాదు, న్యూజెర్సీ. న్యూజెర్సీ, టీ పెట్టమంటావా. న్యూజెర్సీ, బిన్ను బయట పెట్టావా. ఆయన నోట్లో ఏ పేరైనా ముద్దుగానే ఉండేది. ఇదీ చెప్పాలి, లేకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టవుతుంది.

అంకుల్ వంటవాడిగా పనిచేసిన రెస్టారెంటు ఆ ఏడాది మార్చిలో మూతపడింది. అప్పటి నుంచీ ఆయన ఇంట్లోనే. కూర వండేవారు, పదమూడేళ్ల కూతురు ఎవాంజెలిన్‌ని ఆన్‌లైన్ క్లాసుకి కూర్చోబెట్టేవారు, భార్యని కారులో డ్యూటీకి దింపేవారు. దేవమణి ఆంటీ క్లాండాల్కిన్ వైపు ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో నర్సు. ఆ ఏప్రిల్ ఒక్క నెలలో పదకొండు మంది ముసలివాళ్ల కళ్లు తన చేత్తో మూసింది. కొడుకులూ కూతుళ్లూ కిటికీ అద్దం బయట నిలబడి చూశారట. ఆ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది, వంటింటి ప్రెస్‌లో, అంటే అలమరలో, గిన్నెలు సర్దుతూ, వీపు నా వైపు పెట్టి.

అంకుల్ వాళ్లు వెళ్లే తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కి క్లాండాల్కిన్‌లో ఒక హాలుండేది. ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో, టైర్ల గోడౌను పక్కన, రేకుల షెడ్డు. ప్రార్థనలన్నీ ఆన్‌లైన్‌లోనే పెట్టుకోమని గవర్నమెంటు చెప్పింది. జాన్ బాబు గారు మాత్రం షట్టరు సగం దించి ఆదివారం కూడిక నడిపించేవారు. ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి అడుగుతారు కదా, దానికీ ఉపాయముంది. ఫెలోషిప్‌లో సగం ఇళ్లలో నర్సులూ, ముసలివాళ్లని చూసుకునే కేరర్లే, అందరి దగ్గరా డ్యూటీ లెటరుంటుంది. భార్యని దింపడానికని బయల్దేరిన భర్త, దింపాక నేరుగా హాలుకి పోతాడు. అంకుల్ చేసేదీ అదే. అక్కడ కీబోర్డు వాయించేది ఆయనే.

డిసెంబరు మొదట్లో ఆంటీ ఒక నిర్ణయానికొచ్చింది. జనవరిలో జరిగే ఫెలోషిప్ ఎన్నికలో జాన్ బాబు గారి మీద ప్రెసిడెంటుగా నిలబడతానంది.

"గెలిస్తే చేసే మొదటి పని ఒక్కటే. ఆ షట్టరు పూర్తిగా దించి తాళమేస్తాను. టీకా పడేదాకా ఎవరూ లోపలికి పోకూడదు. పదకొండు మంది చాలు నాకు," అంది.

అంకుల్ ఉల్లిపాయలు తరుగుతూ, "మా ప్రెసిడెంటమ్మ," అని నవ్వారు.

ఆ వారంలోనే రోజీ వచ్చింది. లూకన్‌లో ముగ్గురు నర్సులతో కలిసి ఇల్లు అద్దెకి తీసుకుని ఉండే పిల్ల. లోపలికి రాకూడదు కాబట్టి తుంపరలో గేటు దగ్గరే నిలబడి, మాస్కులోంచి గట్టిగా మాట్లాడింది.

"ఆంటీ, మేం నీకే వేస్తాం, కానీ మాకు ఓటేదీ? ఇంటికో ఓటు, అది ఇంటాయన వేయాలంట. హాలు ఊడ్చేటప్పుడు ఇంటాయన కావాలని ఎవరూ అడగలేదే. ఇప్పుడు మేం ఇంటాయన్ని యాడనుంచి తేవాలి?"

రోజీ వాళ్లలాంటి ఇళ్లు ఐదున్నాయి. భర్తలు పోయినవాళ్ల ఇళ్లు మరో మూడు. ఆంటీ నన్ను కూర్చోబెట్టి ఉత్తరం రాయించింది, పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతివాళ్లకీ ఓటు కావాలని. జాన్ బాబు గారు స్పీకర్‌లో జవాబిచ్చారు. మంచి గొంతు ఆయనది, ఫోనులో కూడా ఇల్లంతా నిండుతుంది.

"ఒకే ఇంట్లో రెండు ఓట్లంటే ఆలుమగల మధ్య మనమే గొడవ పెట్టినట్టమ్మా. అది మాత్రం అడగమాక."

రెండు వారాలు అట్టాగే నలిగింది. ఇక అప్పుడు నా తెలివి బయటికొచ్చింది.

ఆ రోజుల్లో నేను పొద్దస్తమానం న్యూజెర్సీ ఊళ్ల పోలింగ్ జాబితాలు చూస్తూ ఉండేదాన్ని. అమెరికా మొత్తంలో ఆడవాళ్లు ఓటేసిన రాష్ట్రం అప్పట్లో అదొక్కటే. చట్టంలో యాభై పౌండ్ల ఆస్తి ఉన్నవాళ్లెవరైనా అని ఉంది. అందుకని పెళ్లికానివాళ్లూ విధవలూ వెళ్లి ఓటేశారు. పెళ్లయినవాళ్లకి లేదు, వాళ్ల ఆస్తి మొగుడిది కాబట్టి. ఆ జాబితాల్లో ఆడపేర్లు కనిపిస్తే నేను ఇక్కడ కూర్చుని కథలల్లుకునేదాన్ని. ఒక పేరు ఒక ఏడాది ఉండి మరుసటి ఏడాది లేకపోతే, పెళ్లైపోయిందనుకునేదాన్ని. కొన్నేళ్లకి అదే పేరు మళ్లీ కనిపిస్తే, మొగుడు పోయుంటాడనుకునేదాన్ని. చరిత్ర అంటే భలే సరదాగా ఉండేది నాకు.

అన్నాల దగ్గర ఇదంతా ఊపుగా చెప్పి, రూలు నేనే తిరగరాశాను. "ఇంటికి ఒక ఓటు. భర్త ఉన్న ఇంట్లో భర్త వేయాలి. భర్త లేని ఇంట్లో, ఆ ఇల్లు నడిపే స్త్రీ వేయాలి." జాన్ బాబు గారు ఒక్కరోజులో ఒప్పుకున్నారు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడైనా నాకు వెలగాలి కదా, వెలగలేదు.

ఆంటీ ఆ కాగితం రెండుసార్లు చదివింది. "మరి నేను?" అంది.

"మీ ఇంటి ఓటు అంకుల్ వేస్తారు కదా ఆంటీ. మీకే."

"ఆఁ," అంది ఆంటీ. "ఆయనే కదా."

ఇద్దరం అంకుల్ వైపు చూశాం. ఆయన చారు గరిటెతో కలుపుతూ, తల ఎత్తకుండానే, "నా ఓటెక్కడికి పోద్ది న్యూజెర్సీ," అన్నారు.

జనవరి రెండో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి జూమ్‌లో ఎన్నిక. అంతకు రెండురోజుల ముందే ఆంటీకి నర్సింగ్ హోమ్‌లో టీకా మొదటి డోసు వేశారు. ఆ రోజు నీలం పట్టుచీర కట్టుకుని, చలికి పైన కార్డిగన్ వేసుకుంది. ఇంటికి ఒక్కటే స్క్రీను అన్నారు కాబట్టి ఆలుమగలిద్దరూ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. నేను భోజనాల బల్ల దగ్గర నా ల్యాప్‌టాప్‌తో. హిందువుల పిల్ల, ఏ పక్షమూ లేదు, లెక్క తనే రాస్తుందని రెండువైపులవాళ్లూ నన్నే పెట్టారు. నలభైమూడు ఇళ్లు, వరసగా ఎక్సెల్‌లో ఎక్కించాను. ఎవరు ఫెలోషిప్‌లో ముందు చేరితే వాళ్లది ముందు నంబరు. తొలి ప్రార్థన జరిగింది పన్నెండేళ్ల కిందట వీళ్ల వంటింట్లోనే. అందుకని ఒకటో నంబరు వీళ్లదే.

జీవన్ కుమార్ గొంతు సవరించుకున్నాడు. "ఒకటో నంబరు. జయకుమార్ గారి ఇల్లు."

అంకుల్ ముందుకి వంగి మ్యూట్ తీశారు.

"జాన్ బాబు అన్నకి," అన్నారు. ఇంట్లో ఉల్లిపాయలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా అన్నారు. మళ్లీ మ్యూట్ పెట్టి వెనక్కి ఆనుకున్నారు.

ఆంటీ ముఖంలో అంతకుముందున్న నవ్వు అట్టాగే ఉండిపోయింది. అన్ని ఇళ్లవాళ్లు చూస్తున్నారు, ఎక్కడని పెట్టుకుంటుంది దాన్ని?

"రాయమ్మా ఉజ్వలా," అన్నాడు జీవన్ కుమార్.

రాశాను.

ఇంకా నలభైరెండు ఇళ్లున్నాయి. యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలూ ఆమె ఆయన పక్కనే కూర్చుంది, చీర కుచ్చెళ్ల మీద చేతులు పెట్టుకుని, కెమెరా వైపే చూస్తూ. మ్యూట్ పెట్టడం మరిచిపోయిన ఒకావిడ, "సొంత మొగుడే వేయనప్పుడు మనమేంది వేసేది," అని ఇంటాయనతో అనడం అందరికీ వినిపించింది. నేను ఓట్లు తెప్పించిన ఎనిమిది ఇళ్లూ, రోజీ వాళ్లూ విధవలూ, ఒక్కరు తప్పకుండా ఆంటీకే వేశారు. చివరికి జాన్ బాబు గారికి ఇరవైరెండు, ఆంటీకి ఇరవై ఒకటి.

ల్యాప్‌టాప్ మూశాక మెట్ల మీదినుంచి ఎవాంజెలిన్ అడిగింది. ఇక్కడ పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ మాట ఇంగ్లీషే.

"డాడ్, డిడ్ యూ వోట్ అగెన్‌స్ట్ మామ్?"

ఆంటీ లేచి వంటింట్లోకి పోయింది. ఆయన వెనకే వెళ్లారు. గోడ పల్చన, నాకు అన్నీ వినిపించాయి.

"వారమంతా నేను నీ మొగుణ్ణి మణీ. నిన్ను దింపే డ్రైవర్ని, పిల్లకి వంటమనిషిని. ఆదివారం రెండు గంటలు ఆ కీబోర్డు ముందు కూర్చున్నప్పుడే నేను జయకుమార్ని. నువ్వు గెలిస్తే అదీ మూసేస్తావు."

"మూసేదాన్నే."

"అందుకే."

"నిన్న చెప్పుండొచ్చు. నిలబడకుండా మానుకునేదాన్ని. ఇంతమంది ముందు నన్ను నవ్వుతా కూర్చోబెట్టారు."

ఆ రాత్రి చారు ఆయనే కాచారు. ఆంటీ తినలేదు.

మరుసటి ఆదివారం డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఆంటీ ముందు తలుపు వదిలేసి, వెనక తలుపు తీసి వెనక సీట్లో కూర్చుంది.

"అదేంది?" అన్నారు అంకుల్.

"డ్రైవర్నన్నారుగా. డ్రైవర్ పక్కన ఎవరు కూర్చుంటారు? నన్ను దింపి ఎటైనా పోండి. నేనడగను."

ఆయన నవ్వబోయి మానుకున్నారు. కారు కదిలింది. హాలులో ఎంత ప్రమాదముందో ఫెలోషిప్ మొత్తంలో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా ఆపలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా వెనక సీటే.

జనవరి ఆఖర్లో అంకుల్‌కి దగ్గు మొదలైంది. పరీక్షలో కరోనా ఉందని తేలింది. ఆంటీ నన్ను ఎవాంజెలిన్ గదిలోకి మార్చి, నా చిన్న గదిలో ఆయన్ని పెట్టింది. తలుపు దగ్గర కంచం, నీళ్లు, వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటరు. రోజుకి నాలుగుసార్లు తలుపు బయట నిలబడి అడిగేది.

"ఎంత?"

"తొంభై నాలుగు."

దగ్గు మొదలయ్యాక ఆలుమగలు మాట్లాడుకున్న మాటలన్నీ ఇవే, అంకెలు. ఐదో రోజు, "ఎంత?" "తొంభై మూడు." ఆరో రోజు, "ఎంత?" "తొంభై మూడే." ఆ రోజు కంచం తీయడానికి నేను వెళ్తే తలుపు ఓరగా ఉంది. ఆయన చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది, వేలి మీటరు మీద ఎనభై ఒకటి. ఆస్పత్రికి పోతే తిరిగిరానని భయపడి అబద్ధం చెప్పారాయన. తలుపు తీసి ఒక్కసారి ముఖం చూసుంటే చాలు, పెదాల రంగు చూసే చెప్పగలదు ఆంటీ. ఇరవై ఏళ్లుగా నర్సు. తీయలేదు. అంకె చెప్పించుకుని వెళ్లిపోయేది. ఆమె మీద నాకు కోపం వచ్చింది, ఆ మాట ఇప్పటికీ దాచను.

అంబులెన్సువాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి దించుతుంటే ఆయన మాస్కు పక్కకి లాగి, "మణీ, ఆ ఓటు..." అన్నారు.

"మాట్లాడకండి. ఊపిరి దాచుకోండి," అంది ఆంటీ, నర్సు గొంతుతో. మాస్కు మళ్లీ సరిగ్గా పెట్టింది.

ఆయనతో ఆమె అన్న చివరి మాట అదే. ఆస్పత్రిలోకి ఎవర్నీ రానివ్వలేదు. రెండో వారం ఒక నర్సు ట్యాబ్లెట్ పట్టుకుని వీడియోలో ఆయన్ని చూపించింది, అప్పటికి నోట్లో గొట్టం ఉంది. పదకొండు కుటుంబాలకి కిటికీలోంచి చూపించిన ఆంటీ, తన వంతుకి ఆ అరచేయంత అద్దంలోకి చూసింది. ఎవాంజెలిన్, "డాడ్, యూ లుక్ గ్రాండ్," అంది. అబద్ధమాడ్డం తండ్రి దగ్గరే నేర్చుకుంది పాపం. ఆయన కోసం జాన్ బాబు గారు హాలులో మూడురోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు, షట్టరు సగం దించి. దాంతో ఇంకో నాలుగిళ్లు జబ్బున పడ్డాయి.

ఫిబ్రవరి మూడో వారంలో పోయారు. సమాధి దగ్గరికి పదిమందికే అనుమతి. పదిమందిలో జాన్ బాబు గారున్నారు, ప్రార్థన ఆయనే చేశారు. రోజీ రోడ్డు మీద నిలబడింది. నేను ఇంట్లో ఉండి టీ పెట్టాను.

ఆంటీ వచ్చి, మట్టి బూట్లు గుమ్మం దగ్గర విప్పి, పక్కపక్కన సరిగ్గా పెట్టింది. నా చేతిలో కప్పు అందుకుంది.

"ఉజ్వలా," అంది. "ఇప్పుడు నాకు ఓటొచ్చినట్టేగా."

నిందించి ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. ఆమె నిందించలేదు, తెలియనిది అడిగినట్టు అడిగింది. అవునన్నట్టు తలూపాను, ఇంకేం చేయను?

మార్చి చివర్లో, ఈస్టర్‌కి ముందు ఆదివారం, మళ్లీ జూమ్ మీటింగు పెట్టారు. జాన్ బాబు గారు దిగిపోతానన్నారు. దేవమణిని ఏకగ్రీవంగా ప్రెసిడెంటుగా పెట్టుకుందాం, ఆమె కన్నీళ్లకి అదే మన జవాబు అన్నారు. అందరూ తలలూపారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు ఆంటీ మ్యూట్ తీసింది.

"ఏకగ్రీవం వద్దు. రూలు ప్రకారం ఇల్లిల్లూ పిలవండి."

"ఎందుకమ్మా ఇప్పుడు అదంతా..." అన్నారు జాన్ బాబు గారు.

"పిలవండి."

జాబితా నేనే సరిచేయాలి. ఎక్సెల్ మొదటి గడిలో జయకుమార్ అన్న పేరు చెరిపి దేవమణి అని కొట్టాను. కొడుతుంటే న్యూజెర్సీ జాబితాలు కళ్ల ముందు కదిలాయి. కొన్నేళ్లు కనబడకుండా పోయి మళ్లీ కనబడే ఆ పేర్లు. ఎంత సరదాగా చదివానో వాటిని.

ఆంటీ అదే సోఫాలో అదే చోట కూర్చుంది. పక్కచోటు ఖాళీగా వదిలింది. ఎవాంజెలిన్ వచ్చి కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒకటో నంబరు," అన్నాడు జీవన్ కుమార్. కాస్త ఆగాడు. "దేవమణి గారి ఇల్లు."

"ఇది జయకుమార్ గారి ఇల్లు," అంది ఆంటీ. "ఈ ఇంటి ఓటు ఆయన వేసిందే. జాన్ బాబు అన్నకి."

జాన్ బాబు గారు నోరు తెరిచారు. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, సన్నగా వచ్చింది మాట.

"నేను నిలబడలేదమ్మా."

"నిలబడకపోయినా తీసుకోండి అన్నా. ఆ ఓటు కోసం నన్ను పోగొట్టుకున్నారాయన. తర్వాత ఆయనా పోయారు. అది నా దగ్గరెందుకు, మీ దగ్గరే ఉండాలి."

జాన్ బాబు గారు కెమెరా ఆపేశారు. ఆయన పేరు మాత్రం నల్లటి చదరంలో మిగిలింది. జీవన్ కుమార్ ఏం చేయాలో తెలియక నన్ను చూశాడు, నేను ఆంటీని చూశాను.

"రాయి ఉజ్వలా," అంది.

మొదటి వరసలో, జాన్ బాబు గారి గడిలో ఒకటి వేశాను. ఆంటీ మ్యూట్ పెట్టుకుని, ఒడిలో చేతులు పెట్టుకుని కెమెరా వైపు చూస్తూ కూర్చుంది. జీవన్ కుమార్ రెండో నంబరు ఇల్లు పిలిచాడు.